రెండు మోటార్ల లారీ

మెకానికల్ డిపార్ట్‌మెంట్ వరండాలో ఒక నల్ల బోర్డు ఉంది. ఏటా ఇంజనీర్స్ డే పోటీలో గెలిచినవాళ్ళ పేర్లు దాని మీద పసుపు రంగుతో రాస్తారు. రాసేది వర్క్‌షాపు అటెండరు ఉప్పలయ్య. నిరుటి పేర్లు రాయడానికి ఆయనకి ఈ సెప్టెంబరు దాకా తీరలేదు. శనివారం ఈ ఏటి పోటీ కూడా వచ్చి మీద పడుతోందని హెడ్డుగారు కేకలేస్తే, మంగళవారం పొద్దున్నే స్టూలెక్కాడు.

ఎడమచేతిలో రంగు డబ్బా మూత, కుడిచేతిలో సన్న బ్రష్షు. ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం లాగుతున్నాడు. ఏడో తరగతి మధ్యలో బడి ఎగ్గొట్టి మళ్ళీ అటువైపు వెళ్ళని మనిషి రాత అంటే కొత్తవాళ్ళెవరూ నమ్మరు. అచ్చులో పోసినట్టుంటుంది.

థర్డ్ ఇయర్ చదివే భూమిక కింద నిలబడి బోర్డంతా పైనుంచి కిందకి చదివింది.

“అంకుల్, పన్నెండేండ్ల పేర్లున్నయి గీడ. మీ పేరేది?”

“రాతంతా నాదే గద బిడ్డా. మళ్ళ పేరెందుకు?”

“నిరుడు వీళ్ళ బండికి చక్రాలు కోసిచ్చింది మీరే. నేను చూసిన. వీళ్ళు క్యాంటీన్ల కూసున్నరు, మీరు లేత్ మిషన్ కాడ నిలబడ్డరు.”

“కూసుంటే లేత్ నడవదాయె మరి.”

భూమిక నవ్వి క్లాసుకి వెళ్ళిపోయింది. మామూలుగా అయితే ఉప్పలయ్య కూడా ఆ నవ్వు దగ్గరే వదిలేసేవాడు. కానీ బ్రష్షు అక్షరం మధ్యలో ఆగిపోయింది. ఆగినచోట రంగు చుక్క కట్టి కిందికి జారింది. బొటనవేలితో తుడిచాడు. పేరు పూర్తిచేసి స్టూలు దిగి, పక్కనే అంటించిన కొత్త నోటీసు ముందు నిలబడ్డాడు. చదవడం పూర్తయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

ఈసారి పోటీ బొమ్మ లారీ మీద. ఒకదానికొకటి బిగించుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టాలి. రిమోట్‌తో నడవాలి. మోటార్లు రెండే. పనులు మాత్రం నాలుగు: లారీ ముందుకీ వెనక్కీ వెళ్ళాలి, ఒరిగిపోకుండా పక్క కాళ్ళు దించాలి, క్రేను చెయ్యి లేపాలి, కొక్కెంతో బరువు ఎత్తాలి. సెన్సార్లు పెట్టకూడదు. జట్టుకి ఇద్దరు. డిపార్ట్‌మెంట్ వాళ్ళెవరైనా పాల్గొనవచ్చు.

ఆయన చేతికి అంటిన రంగు ప్యాంటుకి తుడుచుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. అక్కడ కంప్యూటర్ ముందు రత్నమ్మ కూర్చుని ఉంది. డిపార్ట్‌మెంట్ టైపిస్టు. ఇంకో ఏడాదిలో రిటైరవుతుంది. తెనాలి నుంచి వచ్చి ముప్పయ్యేళ్ళయినా ఆవిడ మాట అక్కడే ఆగిపోయిందని ఉప్పలయ్య ఏడిపిస్తుంటాడు.

“మేడం, ఆ నోటీసు మీరే కొట్టిండ్రా?”

“నేను కాక మా అత్తగారు కొడుతుందా?”

“డిపార్ట్‌మెంటోళ్ళెవరైనా అని ఉన్నది. మనం డిపార్ట్‌మెంటోళ్ళమేనా?”

“కాకపోతే బస్టాండు వాళ్ళమా?”

“అయితే నా పేరు కొట్టుండ్రి.”

రత్నమ్మ కళ్ళద్దాల పైనుంచి చూసింది. అనుమానించడానికి ఆవిడకి కారణాలున్నాయి. ప్రతి ఏడూ కొత్త పిల్లల్ని ఎడమచేతి స్క్రూడ్రైవర్ తెమ్మని స్టోర్‌కి పంపే మనిషి ఇతను. స్టోర్ వాళ్ళు ఇంకో బిల్డింగుకి పంపుతారు, వాళ్ళు ఇంకో చోటికి. మధ్యాహ్నానికి పిల్లలు క్యాంపస్ అంతా చూసేస్తారు. గోడగడియారం అరగంట ముందుకి తిప్పి రత్నమ్మని నాలుగున్నరకే ఇంటికి పంపించిందీ ఇతనే.

“ఇదేదో నీ స్క్రూడ్రైవర్ బాపతే కదూ?”

“కాదు మేడం.” నవ్వు లేకుండా అన్నాడు. ఆ ముఖం రత్నమ్మకి కొత్త. ఏమీ అడక్కుండా పేరు కొట్టింది.

“రెండో పేరు?”

“మీదే. ఊకె సంతకం పెట్టుండ్రి, చాలు.”

“నా జన్మకి ఇదొక్కటే తక్కువైంది,” అంటూ తన పేరూ కొట్టింది.

బుధవారం హెడ్డు పరశురాం సార్ ఆ కాగితం చదివి చాలాసేపు నవ్వాడు.

“ఏప్రిల్‌కి ఇంకా ఏడు నెలలున్నది ఉప్పలయ్యా.”

“గిది తమాషా కాదు సార్.”

సార్ నవ్వు తగ్గించాడు. “చూడు. పెద్ద పెద్దోళ్ళు వస్తరు. అటెండర్లు పోటీల ఉన్నరంటే ఏమనుకుంటరు? అదీగాక నువ్వు బొమ్మలతోని ఆడుకుంటుంటే కుర్చీలు ఎవరేస్తరు? టీలు ఎవరిస్తరు?” అని కాగితం మడిచి పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. పక్కకి పెట్టాల్సిన కాగితాలన్నీ ఆ పేపర్‌వెయిట్ కిందకే వెళ్తాయి.

ఉప్పలయ్య వెనక్కి తిరిగి తలుపు దాకా వచ్చాడు. తలుపు దగ్గర రత్నమ్మ ఎదురైంది. ఆవిడ చేతిలో నోటీసు అసలు ప్రతి ఉంది. లోపలికి వెళ్ళి సార్ ముందు పెట్టింది.

“సంతకం మీదే సార్. విద్యార్థులు మాత్రమే అని మార్చాలంటే ఇప్పుడే కొట్టి అంటిస్తాను. మార్చడానికి కారణం ఏమని రాయమంటారు?”

సార్ నోటీసునీ, రత్నమ్మనీ, తలుపు దగ్గర ఆగిపోయిన ఉప్పలయ్యనీ చూశాడు.

“సరే,” అన్నాడు. “కుర్చీలు ఏసినంకనే. ఇంకో మాట. బండి మధ్యల ఆగి నలుగురు నవ్విండ్రనుకో, ఇంక రిటైరయ్యేదాక ఈ మాట ఎత్తొద్దు. రంగు డబ్బా, నువ్వు. అంతే.”

“అంతే సార్.”

పిల్లల జట్లు రెండూ కొత్త పెట్టెలు తీసుకున్నాయి. ఉప్పలయ్యకి మిగిలింది ఫస్టియర్ ల్యాబ్‌లో ఐదేళ్ళు నలిగిన పాత పెట్టె. అయితే ఆ పెట్టెలో ముక్కలన్నీ ఆయన కడిగి ఆరబెట్టినవే. ఏ చక్రానికి పన్ను విరిగిందో, ఏ ఇరుసు వంగిందో చూడకుండానే వేళ్ళతో చెప్పగలడు. వర్క్‌షాపు మూల బల్ల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, పళ్ళ లెక్కన చక్రాలు వేరు చేసి, టిఫిన్ డబ్బా గిన్నెల్లో పోసుకున్నాడు. ఎనిమిది పళ్ళవి పైగిన్నెలో, పదహారువి మధ్యలో, ఇరవై నాలుగువి కింద. ఇంటి దగ్గర ఆయన భార్య పోచమ్మ మర్నాడు అన్నం కవర్లో కట్టివ్వాల్సి వచ్చింది.

ఆలోచన బుర్రలో ముందే ఉంది. మధ్యలో ఒక పెద్ద చక్రం. మొదటి మోటారు దాన్ని తిప్పుతూ ఉంటుంది. దాని చుట్టూ నాలుగు దిక్కులా, తగలకుండా, నాలుగు చిన్న చక్రాలు. ఒక్కోదానికి ఒక్కో పని: బండి, కాళ్ళు, చెయ్యి, కొక్కెం. మధ్య చక్రాన్ని ఆనుకుని ఒక తిరుగుడు చక్రం ఉంటుంది, గడియారం ముల్లు లాంటి పుల్లకి బిగించి. రెండో మోటారు ఆ పుల్లని తిప్పుతుంది. ముల్లు ఏ దిక్కున ఆగితే, తిరుగుడు చక్రం ఆ పక్క చిన్న చక్రాన్ని పట్టుకుంటుంది. ఆ పని నడుస్తుంది. మిగిలిన మూడూ ఊరుకుంటాయి. వదిలినా చెయ్యి జారిపోకుండా, కొక్కెం దిగిపోకుండా వాటికి బరువు లాగినా వెనక్కి తిరగని మర చక్రాలు పెట్టాడు.

గురువారం మధ్యాహ్నానికి గేరుబాక్సు పూర్తయింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. రిమోట్‌కి రెండు పిడులు. రెండో పిడి నొక్కాడు. ముల్లు తిరిగి కాళ్ళ దిక్కు దాటి అరంగుళం పోయి ఆగింది. వెనక్కి నొక్కాడు. ఇటు దాటిపోయింది. మళ్ళీ ముందుకి. సగం పళ్ళే పట్టాయి. మొదటి మోటారు వేస్తే కరకరమంటూ జారాయి. ఎంత సుతారంగా నొక్కినా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఇరవైసార్లు నొక్కితే మూడుసార్లు కుదిరింది.

పక్క బల్ల దగ్గర భూమిక జట్టు తమ బండి కడుతోంది. వాళ్ళకీ ఇదే రోగం. కానీ వాళ్ళు ఫోన్‌నే రిమోట్‌గా వాడుతున్నారు, మోటారు ఎన్ని క్షణాలు తిరగాలో ఫోన్‌లో రాస్తున్నారు. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ముల్లు దాటిపోతోంది, నీరసించాక ఆగిపోతోంది.

“అంకుల్, మీకెట్ల ఆగుతున్నది?”

“దానికి ఇష్టమున్నకాడ ఆగుతున్నది బిడ్డా. మా బామ్మర్ది లెక్క.”

సాయంత్రం ఐదుకి గేరుబాక్సు కవర్లో పెట్టుకుని బయల్దేరాడు. తార్నాక చౌరస్తా దాటి, చర్చి సందులో రత్నమ్మ ఇంటికి వెళ్ళాడు. పేరు తీసేయించుకుందామని. ఆవిడ పేరు కూడా నవ్వులపాలు కావడం ఎందుకని. దారిలో ఆ మాట ఎలా మొదలెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు.

రత్నమ్మ టీ పెట్టి, ఉస్మానియా బిస్కెట్లు ప్లేట్లో వేసి, గేరుబాక్సు చేతిలోకి తీసుకుంది. రిమోట్ పిడి తనే నొక్కింది. ముల్లు దాటిపోయింది.

“ఇదా రోగం?”

“ఒక్క దిక్కు నడిచి ఆగాలె మేడం. ఎంత నొక్కినా ఒక్కటే. గట్ల ఎవనికీ అయితలేదు.”

రత్నమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ పాత చీర గుడ్డ కప్పి ఒక టైపు మిషను ఉంది. గుడ్డ తీసి, కాగితం ఎక్కించి, ఎడమవైపు లివర్ని వేళ్ళ మొనలతో నెట్టింది. టక్. కాగితం ఒక గీత పైకి జరిగింది.

“నువ్వు నెట్టు.”

ఉప్పలయ్య నెట్టాడు. టక్. ఒక గీత.

“గట్టిగా నెట్టు. పట్టుకుని అలాగే ఉంచు.”

బలమంతా పెట్టాడు. ఒక్క గీతే. లివరు వదిలితే వెనక్కి వచ్చింది, కాగితం మాత్రం రాలేదు.

“నా దగ్గర ఎంతమంది పిల్లలు దీని మీద టైపు నేర్చుకున్నారో. ఒకడు మెల్లగా నెట్టేవాడు, ఒకడు కోపంగా నెట్టేవాడు. గీత మాత్రం ఎవడికైనా ఒక్కటే.”

ఉప్పలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. మిషను పక్కకి వంగి, చెంప దాదాపు బల్లకి ఆనించి, లోపలికి చూశాడు. “మేడం, మెల్లగ నెట్టుండ్రి.” ఆవిడ నెట్టింది. రోలరు చివర పళ్ళ చక్రం ఉంది. లివరుకి అతికిన చిన్న కొక్కి ఒక పన్నుని తోసి, గోడకి తగిలినట్టు ఆగిపోతోంది. వెనక్కి వచ్చేటప్పుడు పన్ను మీదుగా జారి వస్తోంది. ఇంకో పక్క స్ప్రింగు మీద చిన్న గుండు చక్రం పళ్ళ సందులో కూర్చుని రోలరుని కదలనీయట్లేదు.

“ఇంకోసారి.”

పదిహేనుసార్లు నెట్టించుకున్నాడు. బిస్కెట్లు మెత్తబడ్డాయి.

“మేడం,” అన్నాడు తల ఎత్తకుండానే, “గిది ఇంట్ల పెట్టుకొని ముప్పయ్యేండ్లు నాకు చెప్పలే మీరు.”

“నువ్వు అడిగితే కదా. గడియారం తిప్పడానికే సరిపోయె నీకు.”

పేరు తీసేయించుకునే మాట ఆయనకి మళ్ళీ గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దున ఏడింటికే వర్క్‌షాపు తెరిచాడు. ముల్లు ఇరుసుకి నాలుగు పళ్ళ చక్రం కట్టాడు. రెండో మోటారు ఇప్పుడు ముల్లుని నేరుగా తిప్పదు, ఒక లివర్ని నెడుతుంది. లివరు కొన కొక్కి ఒక పన్నుని తోసి, అడ్డంగా బిగించిన ఇటుకకి తగిలి ఆగుతుంది. మోటారు ఇంకా తిరగాలని చూస్తే మధ్యలో జారే చక్రం జారి ఊరుకుంటుంది, ఏదీ విరగదు. పిడి వెనక్కి లాగితే లివరు ఇంటికొస్తుంది. గుండు చక్రాన్ని రబ్బరుబ్యాండుతో పళ్ళ సందులోకి లాగి కట్టాడు. రబ్బరుబ్యాండు హెడ్డుగారి ఫైలుది.

నొక్కాడు. టక్. లాగాడు. నొక్కాడు. టక్. ఇరవైసార్లకి ఇరవైసార్లు.

కొత్త రోగం ఒకటి బయటపడింది. ఒక్కోసారి పన్ను పన్నుకి ఎదురై చక్రం లోపలికి దిగేది కాదు. దానికి మందు ఆయన దగ్గరే ఉంది. బామ్మర్ది పాత ఆటోలో గేరు పడకపోతే బండిని ముందుకీ వెనక్కీ వేలెడంత ఊపేవాళ్ళు. మొదటి పిడిని అలాగే ఇటూ అటూ తాకాడు. చక్రం దిగి కూర్చుంది.

మధ్యాహ్నం లారీకి ఎక్కించి నడిపించాడు. చూడ్డానికి వచ్చిన పిల్లలకి ఒక్కో టక్కుకి ఒక్కో జోకు చెప్తూ కాళ్ళు దించాడు, చెయ్యి లేపాడు, కొక్కెం దించి ఎత్తాడు. ఇక కాళ్ళు ఎత్తాలి. ముల్లు ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి కొక్కెం నుంచి కాళ్ళకి రెండు టక్కులు, మధ్యలో బండి వస్తుంది. జోకులో పడి ఒక్కటే నొక్కాడు. మొదటి పిడి తోసేసరికి, కాళ్ళు నేలకి ఆనించుకునే లారీ వెనక్కి దూకింది. ఎడమకాలు రెండు ముక్కలై బల్ల కింద పడింది. పిల్లలు పగలబడి నవ్వారు. కావాలనే చేశాడనుకున్నారు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న రత్నమ్మ నవ్వలేదు. లోపలికి వచ్చి, కాలు ముక్కలు ఏరి బల్ల మీద పెట్టి, రిమోట్ ఆయన చేతిలోంచి తీసుకుంది.

“రెండో పిడి నాది. మొదటిది నీది.”

“మీకెందుకు మేడం కష్టం. సంతకమన్నగద.”

“హెడ్డింగు కాగితం మధ్యలో పడాలంటే అక్షరాలు లెక్కపెట్టి కొట్టేవాళ్ళం. పక్కన పెళ్ళి బాజా మోగినా లెక్క తప్పేది కాదు. నీకు నోరూ చెయ్యీ ఒకేసారి పనిచెయ్యవు, నాకు చేస్తాయి. కాలు అతికించు.”

బల్ల మీద రిమోట్ పెట్టి ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. రత్నమ్మ లారీ వంక చూడలేదు, పిడి వంకా చూడలేదు. తల కొంచెం వంచి చెవి ఒగ్గింది. టక్. “కాళ్ళు.” టక్. “చెయ్యి.” టక్. “కొక్కెం.” టక్, టక్. “కాళ్ళు.” టక్, టక్, టక్. “బండి. పోనీ.” ఆరోసారికి ఉప్పలయ్య కూడా మాట్లాడటం మానేశాడు.

శనివారం సెమినార్ హాల్లో కుర్చీలన్నీ ఉప్పలయ్యే వేశాడు. టీలు కూడా ఆయనే ఇచ్చాడు. తర్వాత బాత్రూములోకి వెళ్ళి, సంచిలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకుని వచ్చాడు.

ఒక జట్టు బండి సగం దారిలో ఆగిపోయింది. భూమిక జట్టు బండి రెండుసార్లు ముల్లు దాటిపోయినా, సర్దుకుని అన్ని పనులూ పూర్తిచేసింది. ఐదు నిమిషాల ఇరవై సెకన్లు. హాలు చప్పట్లు కొట్టింది.

“మన స్టాఫ్‌ది కూడా ఒకటున్నది,” అన్నాడు పరశురాం సార్ మైకులో. నవ్వులు మొదలయ్యాయి. ఇదీ ఉప్పలయ్య తమాషాల్లో ఒకటనుకుని, ముందు వరసలో ఇద్దరు పిల్లలు నీళ్ళు చిమ్ముతాయేమోనని కాళ్ళు పైకి పెట్టుకున్నారు. ఒకడు ఫోన్ తీసి వీడియోకి సిద్ధమయ్యాడు.

లారీ కదిలింది. బరువు ముందు గీసిన గీత దగ్గర ఆగింది. టక్. కాళ్ళు దిగాయి. టక్. చెయ్యి నెమ్మదిగా లేచి ముందుకి చాచుకుంది. టక్. ఉప్పలయ్య మొదటి పిడి తోశాడు. కొక్కెం కదల్లేదు. కర్రుమని ఒక్క చప్పుడు.

“అగో, మొదలైంది,” అన్నారెవరో. హాలంతా నవ్వింది. నీళ్ళ కోసం, పేలుడు కోసం, దేనికోసమో ఎదురుచూస్తోంది. సార్ గడియారం వంక చూసి పెదవి విరిచాడు.

ఎప్పుడూ ఈ నవ్వు కోసమే బతికిన ఉప్పలయ్య మొదటిసారి అది వద్దనుకున్నాడు. రత్నమ్మ తల ఎత్తలేదు. “కొక్కెమే,” అంది మెల్లగా. “నా లెక్క సరిగ్గానే ఉంది. ఊపు.”

పిడిని వేలి కొనతో ఇటు తాకాడు, అటు తాకాడు. చక్రం దిగిన చప్పుడు ఇద్దరికే వినిపించింది. కొక్కెం దారం మీద జరుగుతూ కిందికి వచ్చి బరువు ఉంగరంలో పడింది. పైకి లేపాడు. బరువు గాలిలో ఒకసారి ఊగి నిలబడింది.

టక్, టక్. కాళ్ళు ముడుచుకున్నాయి. టక్, టక్, టక్. బరువు వేలాడేసుకుని లారీ వెనక్కి నడిచి, బయల్దేరిన గీత మీదికి వచ్చి ఆగింది.

హాల్లో ఎవరూ కదల్లేదు. ఇంకేదో అవుతుందని చూస్తున్నారు. పైకి పెట్టిన కాళ్ళు పైనే ఉన్నాయి. పరశురాం సార్ గడియారాన్ని రెండోసారి చూసుకున్నాడు. మూడు నిమిషాల నలభై.

ఉప్పలయ్య రిమోట్ మీంచి చెయ్యి తీశాడు. “అయిపోయింది సార్. గింతే.”

అప్పుడు భూమిక లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత హాలంతా. బల్ల దగ్గరికి వచ్చి లారీని ఎత్తి కింద నుంచి చూసి, “అంకుల్, ఈ కొక్కి ఎవరి ఐడియా?” అంది.

“మేడమ్‌ది. ముప్పయ్యేండ్లు దాచింది.”

సోమవారం పొద్దున సార్ వరండాలోకి వచ్చేసరికి బోర్డు కింద స్టూలు వేసి ఉంది. మూత తీసిన పసుపు రంగు డబ్బా ఉంది. ఉప్పలయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. భూమికా ఇంకో పదిమంది పిల్లలూ గోడకి ఆనుకుని ఉన్నారు.

“ఇంక రాయలేదా?”

ఉప్పలయ్య బ్రష్షు తీసి ఆయన చేతికిచ్చాడు. “మీరే రాయాలె సార్. గెలిచినోడు తన పేరు తనే రాసుకుంటే బాగుండది.”

సార్ బ్రష్షు పిడిని తిప్పి చూశాడు. జిగురు లేదు. స్టూలుని చేత్తో కదిపి చూశాడు. కాళ్ళు నాలుగూ గట్టిగానే ఉన్నాయి. తమాషా ఎక్కడుందో దొరకలేదు. రత్నమ్మ ఆఫీసు గదిలోంచి వచ్చి, రెండు పేర్లు కొట్టిన కాగితం అందించింది.

“చూసి రాయండి సార్. కారణం అక్కర్లేదు, పేర్లు చాలు.”

పిల్లలు నవ్వు ఆపుకున్నారు. పరశురాం సార్ ఒకసారి వరండా అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి స్టూలెక్కాడు. ఉప్పలయ్య కింద కూర్చుని స్టూలు కాళ్ళు రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మొదలు మేడం పేరు సార్. కొంచెం పైకి. ఆ, గాడ. ఊపిరి బిగబట్టుండ్రి, చెయ్యి వణకది.”

సార్ ఊపిరి బిగబట్టాడు. రత్నమ్మ పేరు వంకరగా పడింది. ఉప్పలయ్య పేరు దాని కింద ఇంకొంచెం వంకరగా పడింది. చివరి అక్షరం దగ్గర బ్రష్షు ఆగి, రంగు చుక్క కట్టి కిందికి జారింది.

“గుడ్డ ఉన్నదా?” అన్నాడు సార్ వెనక్కి తిరక్కుండా.

గుడ్డ ఉప్పలయ్య భుజం మీదే ఉంది. ఆయన తల ఎత్తి, పైన పన్నెండేళ్ళ తన చక్కటి అక్షరాలనీ, వాటి కింద ఆ వంకర అక్షరాలనీ, జారుతున్న ఆ చుక్కనీ చూశాడు.

“లేదు సార్,” అన్నాడు. “ఉండనీయుండ్రి.”